ఈ పొద్దు విమానం ఉందా?



కిందటి నెలంతా ఇక్కడ ఒక్క అక్షరమైనా రాయలేదు. ఒకరిద్దరు చదువరులు కుశలమడిగారు, కృతజ్ఞుణ్ణి. ఆరోగ్యం బాగానే ఉంది. రాయకపోవడానికి కారణం చెప్పాలంటే ఒక విమానం సంగతి చెప్పాలి. విమానం సంగతి చెప్పాలంటే మా అక్కయ్య సంగతి చెప్పక తప్పదు. అందుచేత ఛందస్సునూ వ్యాకరణాన్నీ ఈ ఒక్కసారికి పక్కన పెడుతున్నాను. పూర్తిగా పక్కన పెట్టగలనో లేదో, అలవాటైన ప్రాణం.

మాది కడప. తక్కిన ఊళ్లలో విమానమెక్కబోయే మనిషిని “ఎన్ని గంటలకు?” అని అడుగుతారు. మా ఊళ్లో “ఈ పొద్దు విమానం ఉందా?” అని అడుగుతారు. ఆటో నడిపే మనిషి అడుగుతాడు, పాలు పోసే ఆవిడ అడుగుతుంది, ఎదురింటి విశ్రాంత తహసీల్దారుగారు కూడా అలాగే అడుగుతారు. ఈ రెండు ప్రశ్నల నడుమ ఎంత దూరముందో, పెద్ద విమానాశ్రయానికీ చిన్న విమానాశ్రయానికీ అంత దూరముంది.

ఊరికి వాయవ్యంగా ఉన్న పాత ఎయిర్‌స్ట్రిప్‌ను బాగుచేసి, భవనం కట్టి, 2015 జూన్‌లో విమానాశ్రయంగా తెరిచారు. మొదట బెంగళూరికి విమానం వచ్చింది. ఊరంతా పిల్లాజెల్లాతో వెళ్లి కంచె బయట నిలబడి చూసివచ్చారు. మా బడి పిల్లలు మరుసటి రోజు తరగతిలో ఆ ముచ్చట తప్ప మరొకటి మాట్లాడలేదు. నేనూ పాఠం ఆపి విన్నాను. కొన్నాళ్లకు ఆ విమానం నిలిచిపోయింది. భవనం ఉంది, రన్‌వే ఉంది, పహరా కాసే మనుషులున్నారు, విమానమే లేదు. గర్భగుడి కట్టి విగ్రహం పెట్టని ఆలయంలా ఉండేది. అన్నట్టు, గర్భగుడి మీది కట్టడాన్నీ విమానమనే అంటాం కదా.

ఆ తరువాత 2017 ఏప్రిల్ 27న ‘ఉడాన్’ వచ్చింది. ప్రధాని సిమ్లాలో నిలబడి, అక్కడి నుంచి ఢిల్లీ వెళ్లే విమానానికీ, వాటితోపాటు కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు విమానాలకూ ఒకేసారి పచ్చజెండా ఊపారు. హవాయి చెప్పులు వేసుకున్నవాడు కూడా విమానమెక్కాలని ఆయన ఆనాడు అన్నమాట పత్రికల్లో బాగా వచ్చింది. నేను మొదటిసారి విమానమెక్కిన నాడు నా కాళ్లకు ఉన్నవి హవాయి చెప్పులే. ఒక్క నాయకుడి మాటనైనా స్వయంగా నిజం చేసిన తృప్తి నాకు మిగిలింది.

ఆ పథకం లోగుట్టు నాకు ఒక శిష్యుడు వివరించి చెప్పాడు. గంటసేపటి ప్రయాణానికి దాదాపు సగం సీట్లను 2017లో 2,500 రూపాయలకు మించకుండా అమ్మాలన్నారు. అలా అమ్మినందువల్ల సంస్థకు వచ్చే లోటును ప్రభుత్వం మూడేళ్లపాటు భర్తీ చేస్తుంది. ఆ సొమ్ములో ఎక్కువభాగం పెద్ద నగరాల మధ్య ఎగిరే విమానాల మీద వేసిన సుంకం నుంచి వస్తుంది. అంటే ఢిల్లీ నుంచి ముంబై వెళ్లే ఏ షావుకారో తనకు తెలియకుండానే మా కడప సీటు కింద నాలుగు రూపాయలు వేస్తున్నాడన్నమాట. ఆయన ఎవరో ఆయనకు నా నమస్కారం. మూడేళ్లయ్యాక మాత్రం ఎవరి రెక్కలతో వారే ఎగరాలి. చిన్న ఊళ్ల విమానాలు చాలావాటికి సరిగ్గా అప్పుడే ఆయాసం వస్తుంది. మా ఊరికి వచ్చినవీ పోయినవీ మళ్లీ వచ్చినవీ అన్నీ కలిపి రాస్తే కైఫీయతు ఒకటి అవుతుంది. ఆ పని చేయను.

ఇక అక్కయ్య.

మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కయ్యకు పదిహేను. నాకు అన్నం కలిపి పెట్టిందీ, పలక మీద ఓనమాలు దిద్దించిందీ అక్కయ్యే. 1971లో పెళ్లి చేసుకుని హైదరాబాదు వెళ్లింది. బావ చిన్న గుమాస్తా. అయినా నేను తిరుపతిలో ప్రాచ్య కళాశాలలో చదివిన రోజుల్లో నెలనెలా మనియార్డరు వచ్చేది. పండిత శిక్షణకు వెళ్లిన ఏడు మాత్రం ఒకేసారి పెద్ద మొత్తం వచ్చింది. ఆ తరువాతి సెలవులకు వెళ్లినప్పుడు అక్కయ్య చేతులకు మట్టిగాజులు చూశాను. అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు.

ఉద్యోగం చేసిన ముప్ఫై అయిదేళ్లూ దసరాకొకసారి, ఎండాకాలం సెలవులకొకసారి రైలెక్కి వెళ్లేవాణ్ణి. రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు. రెండు నెలల ముందే టికెట్టు కొనాలి, కొనకపోతే దొరకదు. కాబట్టి రెండు నెలల ముందే వెళ్లడం నిశ్చయమైపోయేది. ఒకసారి నిశ్చయమయ్యాక మానడమన్నది లేదు. ఈ విషయాన్ని చదువరులు కొంచెం గుర్తుంచుకోవాలి.

2018లో నా పదవీ విరమణకు అక్కయ్య కడపకు వచ్చింది. రావడం రైల్లో, మేనల్లుడితో. వారం రోజులుంది. దేవుని కడపకు వెళ్లి వేంకటేశ్వరుణ్ణి చూసింది. తిరుమలకు గడప కనుకనే కడప అయిందంటారు కదా, ఆ గడప దగ్గరే తన పెళ్లి కుదిరిందట. నాకు తెలియని సంగతి అది. తిరుగు ప్రయాణానికి మేనల్లుడు ఫోనులోనే రెండు విమానం టికెట్లు కొని పంపాడు. “మామా, అమ్మను నువ్వే తీసుకొని రా, నువ్వూ నాలుగు రోజులుండు” అన్నాడు.

ఆటో పిలిచాను. వచ్చినవాడు తెలిసినవాడే. “యాడికి అయ్యోరూ? విమానాల కాడికా? ఈ పొద్దు ఉందంటనా?” అన్నాడు. అక్కయ్య గాభరాపడి నా మొహం చూసింది. హైదరాబాదులో నలభై ఏడేళ్లుగా ఉంటున్న మనిషికి ఈ ప్రశ్న కొత్త. “ఉండకుండా పోతాదా ఏంది?” అని అడిగింది. “ఒక్కోనాడు రాదమ్మా. మబ్బు పట్టినా రాదు, మనసు పుట్టకున్నా రాదు” అన్నాడు ఆటోవాడు. అక్కయ్యకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ తరువాత ఎప్పుడు ఫోను చేసినా కుశలప్రశ్న మానేసి “ఈ పొద్దు విమానం ఉందా?” అనేది. వస్తున్నావా అని అడగడానికి బదులు.

చిన్న విమానాశ్రయంలో ఉన్న సుఖం అనుభవించినవారికే తెలుస్తుంది. లోపలికి వెళితే మనవాళ్ల పెళ్లికి వచ్చినట్టు ఉంటుంది. ఉన్నది ముప్ఫైమంది. అందులో నలుగురు మనకు తెలుసు, మరో నలుగురికి మనం తెలుసు. కువైట్ నుంచి తల్లిని చూడడానికి వచ్చి తిరిగి వెళుతున్న రాయచోటి పిల్ల ఒకతె మా పక్కనే కూర్చుంది. మా జిల్లా పల్లెల నుంచి ఎందరో కువైట్‌లో పనిచేస్తున్నారు. రాజంపేట, కోడూరు ప్రాంతాల్లో ఆ దేశం పేరు పొరుగూరి పేరులా వినిపిస్తుంది. ఆ పిల్ల అప్పటికి పదకొండుసార్లు విమానమెక్కిందట. బెల్టు ఎట్లా పెట్టుకోవాలో అక్కయ్యకు అక్కడే నేర్పింది.

అక్కయ్య చేతిసంచిలో స్టీలు డబ్బా నిండా చింతకాయ తొక్కు ఉంది. యంత్రంలో అది కనబడింది. భద్రతా ఉద్యోగి డబ్బా మూత తీసి వాసన చూసి, “చేతిసంచిలో కుదరదమ్మా” అన్నాడు. పెద్ద విమానాశ్రయంలో అయితే దాని గతి చెత్తబుట్టే. ఇక్కడ ఆయన కౌంటరు దగ్గరి పిల్లవాణ్ణి కేకేశాడు. ఆ పిల్లవాడు డబ్బాకు చుట్టూ టేపు వేసి, అప్పటికే బయటికి పోతున్న సామాను బండిని ఆపి, దానిమీద పెట్టించాడు. “మా అవ్వ కూడా ఇట్లనే చేస్తాది” అని మాత్రం అన్నాడు. ఆ తొక్కు హైదరాబాదులో ఎనిమిది నెలలు వచ్చింది.

విమానం దగ్గరికి నడిచే వెళ్లాలి. వెనకవైపు తలుపు, నాలుగు మెట్లు. ఏటీఆర్ అంటారు దాన్ని. ఫ్రాన్సులో తయారవుతుంది, డెబ్బైమంది దాకా పడతారు. అటు ఇద్దరు ఇటు ఇద్దరు కూర్చుంటారు కనుక నడుమ ఇరుక్కోవలసిన పాపం ఎవరికీ లేదు. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఏ కిటికీలోంచి చూసినా నేల కనబడుతుంది. ఆనాడు సగానికి పైగా సీట్లు ఖాళీ. తూకం సరిపోవాలని ముందున్న కొందరిని లేపి వెనక్కి కూర్చోబెట్టారు. గురువులూ లఘువులూ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటేనే పద్యం నడుస్తుంది. విమానానికీ గణవిభజన ఉందని నాకు ఆనాడే తెలిసింది.

లేచేటప్పుడు అక్కయ్య నా చేయి పట్టుకుంది. కాస్త పైకి వెళ్లాక కిటికీలోంచి చక్రం లోపలికి ముడుచుకోవడం చూసి, “అబ్బీ, చక్రాన్ని ఎవరో లాక్కున్నారు చూడు” అంది. పెన్న కనబడింది. నీళ్లు లేవు, ఇసుక మీద సన్నని తడిగీత ఒకటి ఉంది. ఆ తరువాత నల్లమల. పైనుంచి చూస్తే అడవి అడవిలా ఉండదు, ముడతలు పడ్డ పచ్చటి దుప్పటిలా ఉంటుంది. ఆవల ఎక్కడో కృష్ణ నీళ్లు మెరిశాయి. కాఫీ తాగుదామా వద్దా అని మేము తర్జనభర్జన పడుతుండగానే దిగబోతున్నామని చెప్పారు. రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లు దాటిన దూరం, ఆకాశంలో మూడు వందలే.

దిగాక అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. కారులో కూర్చున్నాక అంది: “ఇంత దగ్గరనా అబ్బీ? ఎంత దూరమో అనుకొని ఇన్నేండ్లు ఎన్నిసార్లు ఏడ్చినానో.”

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రైలు రోజుల్లో ఏడాదికి రెండుసార్లు వెళ్లినవాణ్ణి, విమానం వచ్చాక, పైగా ఉద్యోగమూ లేని తీరిక వచ్చాక, రెండేళ్లకొకసారి కూడా వెళ్లలేదు. గంట ప్రయాణమే కదా, ఎప్పుడైనా వెళ్లవచ్చు. దసరాకు అనుకున్నాను, జనం ఉంటారని మానుకున్నాను. సంక్రాంతికి అనుకున్నాను, ఆ వారం విమానం లేదన్నారు. మాఘంలో వెళ్దామనుకున్నాను, మోకాలు నొప్పి పుట్టింది. రెండు నెలల ముందు టికెట్టు కొనే పని లేదు కనుక నిశ్చయమన్నదే లేదు. మధ్యలో కరోనా రెండేళ్లు మింగింది, అది వేరే సంగతి. కానీ దానికి ముందూ తరువాతా మింగింది నేనే. అక్కయ్య ఎప్పుడూ నిష్ఠూరమాడలేదు. “ఈ పొద్దు విమానం ఉందా?” అనేది. “ఉందక్కా, నేనే లేను” అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఇక ఆ రోజు. ఏ ఏడాదో చెప్పను, ఏ సంస్థ విమానమో అసలే చెప్పను. వాన పడితే ఎవరిమీద ఫిర్యాదు రాస్తాం?

కార్తీక మాసం. బంగాళాఖాతంలో వాయుగుండం. మా ప్రాంతానికి అప్పుడూ వానలు వస్తాయి. ఉదయం ఆరున్నరకు మేనల్లుడు ఫోను చేశాడు. “మామా, అమ్మకు రాత్రి నుంచి కుడి చేయీ కాలూ స్వాధీనంలో లేవు. ఆసుపత్రిలో చేర్చినాం. మాట్లాడుతుంది. నిన్ను అడుగుతుంది.”

నేను లెక్క వేశాను. ఒంటిగంటకు విమానం ఉంది. రెండుకు శంషాబాదు, మూడున్నరకు ఆసుపత్రి. అద్దెకారులో అప్పటికప్పుడు బయలుదేరినా వానలో మూడున్నరకు ముందు చేరలేను. అదే సమయానికి చేర్చే విమానం ఉండగా రోజంతా కారులో కుదేలు కావడమెందుకు? మరో లెక్క కూడా వేశాను, దాచుకోను. కారుకు పదివేలు, టికెట్టుకు నాలుగువేలు. మేనల్లుడికి ఫోను చేసి “మూడున్నరకల్లా వస్తున్నానని అక్కతో చెప్పు” అన్నాను.

పదకొండున్నరకే విమానాశ్రయంలో ఉన్నాను. చినుకు ఆగింది, మబ్బు మాత్రం కొండల మీదనుంచి కిందికి దిగి కూర్చుంది. విమానం గంట ఆలస్యమన్నారు. ఇక్కడి విమానం ఇక్కడే పుట్టదు. ఒకే విమానం తెల్లవారుజామున ఏదో నగరంలో బయలుదేరి, ఒక ఊరి తరువాత ఒక ఊరు చుట్టి మన ఊరికి వస్తుంది. పొద్దున మొదటి ఊళ్లో పడ్డ ముప్పావుగంట ఆలస్యం మధ్యాహ్నానికి మన దగ్గర రెండు గంటలై కూర్చుంటుంది. పల్లె బస్సు కథే ఇదీ. తేడా ఏమిటంటే, పల్లె బస్సు చీకటిపడ్డాకైనా వస్తుంది. రాత్రిపూట దిగే దీపాల ఏర్పాటు లేని చోటికి విమానం పొద్దుగుంకేలోపు వచ్చి పొద్దుగుంకేలోపు లేచిపోవాలి. పెద్ద విమానాశ్రయాల్లో మబ్బులోనూ దారి చూపి దించే యంత్రాలుంటాయి. చిన్నచోట్ల పైలట్ కంటికి రన్‌వే చాలా దూరం నుంచే కనబడాలి.

రెండున్నర అన్నారు. మూడుంబావు అన్నారు. కూర్చోలేక అద్దాల దగ్గర నిలబడ్డాను. అమరకోశంలో విమానానికి వ్యోమయానమని పర్యాయం. విమానమన్న మాటకు విశేషమైన మానం, అంటే కొలత కలదని ఒకరూ, కొలతే లేనిదని ఇంకొకరూ వ్యుత్పత్తి చెబుతారు. విమాననమంటే సంస్కృతంలో అవమానమని అర్థం. మనసు అటువైపు పోకుండా ఉండాలని ఇలాంటివన్నీ నెమరువేసుకుంటూ నిలబడ్డాను. పండితుల అవస్థ ఇంతే.

ఆ వరుసలోనే ప్రవరుడు గుర్తుకొచ్చాడు. మనుచరిత్ర పాఠం ఎన్నేళ్లు చెప్పానో. పెద్దన మా జిల్లావాడన్న అభిమానం కూడా ఉంది, కోకట గ్రామం మా కమలాపురం వైపే. సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకుని ప్రవరుడు క్షణంలో హిమాలయాలకు వెళ్లాడు. మంచుకు లేపం కరిగిపోయింది, ఇల్లు చేరే దారి లేక ఏడ్చాడు. “ప్రవరుడు చేసిన పొరపాటేమి?” అని ఏటేటా పరీక్షలో ప్రశ్న ఇచ్చేవాణ్ణి. లేపం కరిగితే ఎట్లా అన్న ఆలోచన లేకపోవడం అని రాసినవాడికి పూర్తి మార్కులు. ప్రవరుడు వెళ్లి చిక్కుకున్నాడు, నేను వెళ్లకుండానే చిక్కుకున్నాను. ఆయన ప్రార్థిస్తే అగ్నిదేవుడు ఇల్లు చేర్చాడు. నాకు ఫోను చేస్తే మేనల్లుడు “ఇంకా అడుగుతానే ఉంది మామా” అన్నాడు.

మూడున్నర దాటాక శబ్దం వినబడింది. అందరం లేచి నిలబడ్డాం. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి ఒకాయన “వచ్చె, వచ్చె” అని సంచి భుజానికెత్తుకున్నాడు. శబ్దం మా నెత్తిమీదే ఉంది. మబ్బు పైన. ఒక చుట్టు తిరిగింది, దూరంగా వెళ్లి మళ్లీ దగ్గరైంది. రెండోసారి ఇంకా దగ్గరగా, అద్దాలు సన్నగా అదిరేటంత దగ్గరగా వచ్చింది. ఆ తరువాత పలచబడుతూ పలచబడుతూ తూర్పుకు పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. విమానం కనబడనేలేదు. పది నిమిషాలకు కౌంటరు దగ్గరి అమ్మాయి వచ్చి, దిగడానికి వీలు కాలేదనీ, వెనక్కి వెళ్లిందనీ, డబ్బు తిరిగి వస్తుందనీ చెప్పింది. చెబుతూ తనే బిక్కమొహం వేసింది. కొందరు ఆ పిల్ల మీద అరిచారు. అందులో నేనూ ఉన్నాను. ఆ పిల్లకు నా మనవరాలి వయసు ఉంటుంది.

బంగారు వ్యాపారీ, చంటిబిడ్డతో ఉన్న ఒక దంపతుల జంటా, నేనూ కలిసి కారు మాట్లాడుకున్నాం. నాలుగున్నర అయింది. మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల. ప్రతి ఊళ్లో వాన మళ్లీ మొదలైంది. బిడ్డకు పాలకోసం ఒకచోట, టీకోసం ఒకచోట ఆగాం. కర్నూలు చేరకముందు ఓర్వకల్లు వస్తుంది. ఇప్పుడు అక్కడా ఒక విమానాశ్రయం ఉంది, 2021లో తెరిచి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆ రాత్రి చీకట్లో అటువైపు చూడాలని కూడా నాకు తోచలేదు. తుంగభద్ర వంతెన దాటినప్పుడు ఎనిమిదీ ముప్పావు. మేనల్లుడు ఫోను ఎత్తలేదు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర అతను నిలబడి ఉన్నాడు. పన్నెండు కావస్తోంది. “ఏడున్నర దాకా మాట్లాడింది మామా” అన్నాడు. “నువ్వు బయల్దేరినావని చెప్పినాను. మళ్లీ మళ్లీ ఒకటే అడిగింది, ఈ పొద్దు విమానం ఉందంటనా అని. తర్వాత మాట పడిపోయింది.”

అక్కయ్య మరి పంతొమ్మిది రోజులు బతికింది. నన్ను గుర్తుపట్టింది. ఎడమచేత్తో నా చేయి పట్టుకునేది, విమానం లేచేటప్పుడు పట్టుకున్నట్టే గట్టిగా. మాట మాత్రం రాలేదు. ఆ పంతొమ్మిది రోజులూ నేను అక్కడే ఉన్నాను. పక్కన కూర్చుని నాకు వచ్చిన పద్యాలన్నీ చదివాను. మట్టిగాజుల సంగతి కూడా అడిగాను, జవాబు రాదని తెలిసే. డాక్టరుగారు మంచివారు. ముందే వచ్చి ఉన్నా వైద్యంలో ఏ మార్పూ ఉండేది కాదని నాకు నచ్చజెప్పారు. నేను ఆయన్ను వైద్యం గురించి అడగలేదు.

ఆ పైలట్‌ను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. రెండుసార్లు ప్రయత్నించాడు. కనబడని నేల మీదికి అంతమందిని దించకుండా వెనుదిరగడమే ధర్మం. నా స్థానంలో ఉండి కూడా ఆ మాటే అంటాను, ఆనాడు అనలేకపోయినా. రాయితీలిచ్చి చిన్న ఊళ్లకు విమానాలు నడపడం దండగ అని నగరాల్లో ఉన్న మిత్రులు కొందరు అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. కీమోథెరపీకి నెలనెలా హైదరాబాదు వెళ్లి వచ్చే మనిషిని ఒకాయన్ను ఎరుగుదును, రాత్రంతా బస్సులో ఒళ్లు హూనం చేసుకోకుండా గంటలో చేరేవాడు. ఆ రాయచోటి పిల్లకు తల్లి దగ్గర మరో పూట ఉండడం దొరికింది. మా అక్కయ్యకు తన పుట్టిల్లు ఎంత దగ్గరో తెలిసింది. ఇవి దండగ ఎట్లా అవుతాయి? అయితే వచ్చినట్టే వచ్చి పోయే విమానం చేసే చెరుపు ఒకటుంది. దాన్ని నమ్ముకుని మనిషి రైలును మరిచిపోతాడు. ఉంటే రోజూ ఉండాలి, లేకపోతే లేదని ముందే చెప్పాలి.

కిందటి నెలలో అక్కయ్య సంవత్సరీకం. మేనల్లుడు మళ్లీ విమానం టికెట్టే పంపాడు. నేను స్టేషనుకు వెళ్లి, అంతకు ముందు రాత్రికి వెంకటాద్రిలో బెర్తు కొన్నాను. మా ఆవిడ అది చూసి ఏమీ అనలేదు. తీరా ఆ రాత్రి ఆకాశం నిండా చుక్కలు. “ఇంత తేటగా ఉంటే విమానం రాకుండా ఉంటుందా, మోకాలితో పై బెర్తు ఎక్కుతారా?” అంది. చాలాసేపు ఆలోచించి రైలు వదులుకున్నాను. కానీ కార్యం మరుసటి రోజు కనుక, విమానం రాకపోతే ఎక్కడానికి ఆ రాత్రి రైలుకు కూడా మరొక బెర్తు కొని జేబులో పెట్టుకున్నాను.

పొద్దున్నే ఆటో ఎక్కుతుంటే ఆ పాత మనిషే. తల నెరిసింది. “ఈ పొద్దు ఉందంటనా అయ్యోరూ?” అన్నాడు. ఉందన్నాను.

విమానం వేళకు వచ్చింది, వేళకు లేచింది. కిటికీ పక్క సీటు. చక్రం లోపలికి ముడుచుకుంది. పెన్నలో ఈసారి నీళ్లున్నాయి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. చెప్పవలసిన సమయం కంటే అయిదు నిమిషాల ముందే దిగాం. శంషాబాదులో సామాను కోసం నిలబడి, పక్కనున్న కుర్రవాడికి ఫోను ఇచ్చి, ఆ రాత్రి వెంకటాద్రి టికెట్టు రద్దు చేయించాను. కొంత సొమ్ము కోసుకున్నారు. “రెండు టికెట్లు ఎందుకు కొన్నారు అంకుల్?” అని అడిగాడు ఆ కుర్రవాడు. అప్పటికి నా సంచి వచ్చింది.